విదేశీ కంపెనీల షేర్లు కొనాలనుకుంటున్నారా? ముందు డబ్బు బాట గీయండి

అమెరికాలో సుంకం పెంచుతున్నామని ఒక ప్రకటన వస్తే తెల్లారేసరికి భీమవరంలో రొయ్యల రేటు తగ్గుతోంది. జపాన్ సెంట్రల్ బ్యాంకు వడ్డీని 0.25 శాతానికి పెంచిన వారం తిరక్కుండానే, 2024 ఆగస్టు 5న, టోక్యోలో నిక్కీ సూచీ ఒక్కరోజులో 12 శాతానికి పైగా కూలింది. అమెరికా ఉద్యోగాల లెక్కలు బాగోలేకపోవడం కూడా దానికి తోడైంది. అదే రోజు మన సెన్సెక్స్ 2,200 పాయింట్లకు పైగా పడింది. ఇలాంటి కాలంలో మల్టీనేషనల్ కంపెనీల్లో డబ్బు పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ప్రపంచ ఆర్థిక పరిస్థితి ఎటు పోతుందంటారు?"

ఎవరికీ తెలీదు. టీవీలో టై కట్టుకుని చెప్పేవాళ్లకీ తెలీదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టి, జవాబు దొరికే ప్రశ్న అడుగుదాం. నేను కొనబోయే కంపెనీకి డబ్బు ఏ దేశం నుంచి, ఏ కరెన్సీలో వస్తోంది? వచ్చిన డబ్బు ఎవరి దగ్గరికి పోతోంది? దీన్నే నేను డబ్బు బాట అంటాను. అది కాగితం మీద గీయగలిగితే, రేపు ఏ వార్త వచ్చినా అది మీ షేరుకు తగిలేదో కాదో మీరే చెప్పగలరు. ఎలా గీయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. మీరు కొనేది ఏ రకమో ముందు తేల్చుకోండి

"మల్టీనేషనల్" అని అందరం ఒకే మాట వాడతాం గానీ మన ఇన్వెస్టర్ ముందున్నవి మూడు వేరు వేరు సరుకులు.

మొదటిది, విదేశీ కంపెనీకి ఇక్కడున్న శాఖ, మన స్టాక్ ఎక్స్‌ఛేంజీలోనే లిస్టయినది. హిందుస్థాన్ యూనిలీవర్, నెస్లే ఇండియా, కోల్గేట్, మారుతి సుజుకి, సీమెన్స్, ఏబీబీ, బాష్, కమిన్స్ లాంటివి. అసలు ఇవి ఇక్కడ లిస్టవడం వెనక ఒక చరిత్ర ఉంది. 1973 నాటి ఫెరా (విదేశీ మారక నియంత్రణ) చట్టం చాలా విదేశీ కంపెనీలను వాటా 40 శాతానికి తగ్గించుకోమంది. ఇష్టం లేని కోకాకోలా, ఐబీఎం 1977-78 ప్రాంతంలో దేశం వదిలేశాయి. ఉండాలనుకున్నవాళ్లు జనానికి షేర్లు అమ్మారు. తాతగారి బీరువాలో దొరికే పాత షేర్ సర్టిఫికెట్లలో ఆ కాలం నాటివి చాలానే ఉంటాయి. నిబంధనలు సడలాక మాతృసంస్థలు మళ్లీ వాటాలు పెంచుకున్నాయి. ఇప్పుడు నిఫ్టీ ఎంఎన్‌సీ సూచీలో చేరాలంటే విదేశీ ప్రమోటర్ (అంటే మాతృసంస్థ) వాటా 50 శాతం దాటి ఉండాలి.

రెండోది, మన కంపెనీయే, కానీ దాని సంపాదన బయటి దేశాల్లో. డాక్టర్ రెడ్డీస్, అరబిందో, దివీస్, టీసీఎస్, ఇన్ఫోసిస్.

మూడోది, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి అసలు విదేశీ కంపెనీ. దాన్ని డాలర్లు పంపి కొనాలి.

ఈ మూడింటికీ రిస్కు వేరు, పన్ను వేరు. నెస్లే ఇండియా షేరు కొని "నేను గ్లోబల్‌గా ఇన్వెస్ట్ చేశాను" అనుకునేవాళ్లున్నారు. దాని అమ్మకాల్లో అత్యధిక భాగం మన ఊరి కిరాణా కొట్ల నుంచే వస్తుంది. స్విట్జర్లాండ్ కంపెనీ అనే పేరే గానీ, మీరు కొన్నది మన వినియోగదారుడి జేబుని.

2. డబ్బు బాట గీయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో కంపెనీ పేరు. ఎడమ పక్క డబ్బు వచ్చే దేశాలు, కుడి పక్క డబ్బు పోయే చోట్లు. ఈ వివరాలన్నీ కంపెనీ వార్షిక నివేదికలోనే ఉంటాయి. సెగ్మెంట్ రిపోర్టింగ్ అనే చోట ఏ ప్రాంతం నుంచి ఎంత ఆదాయం వచ్చిందో రాయాల్సిందే.

డాక్టర్ రెడ్డీస్‌తో మొదలుపెడదాం. 2024-25లో దాని అమ్మకాలు దాదాపు 32,500 కోట్లు, అందులో నార్త్ అమెరికా జెనెరిక్ (బ్రాండు మందుకి సమానమైన, చవకైన) మందుల వాటా 45 శాతం దాకా. అంటే ఎడమ పక్క లావుపాటి గీత అమెరికా నుంచి, డాలర్లలో. కుడి పక్క ఖర్చుల్లో జీతాలు, హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్ల నిర్వహణ చాలావరకు రూపాయల్లో. ఈ బొమ్మ చూడగానే కొన్ని విషయాలు తెలిసిపోతాయి. రూపాయి పడితే ఈ కంపెనీకి బాధ తక్కువ, పైగా కొంత లాభం. అమెరికాలో మందుల ధరలు తగ్గినా, అక్కడి మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ప్లాంటుకొచ్చి లోపాల జాబితా ఉన్న ఫారం 483 చేతిలో పెట్టి వెళ్లినా బాధ ఎక్కువ. ఇంకొంచెం లోతుకి వెళ్తే, ఆ అమెరికా ఆదాయంలో కొన్నేళ్లుగా లెనలిడోమైడ్ అనే ఒక్క క్యాన్సర్ మందు లాభంలో పెద్ద భాగం మోసింది. పేటెంటు ఉన్న కంపెనీతో ఒప్పందం మీద పరిమిత మోతాదులో అమ్ముకునే ఆ ఏర్పాటు 2026 జనవరి వరకే. ప్రపంచ ఆర్థిక పరిస్థితి ఎంత బాగున్నా ఆ తేదీ మారదు. ఇలాంటి తేదీలు కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకోండి, ఎందుకంటే సుంకాల గురించి పేపర్లో పతాక శీర్షిక వస్తుంది గానీ ఒక మందు గడువు గురించి రాదు.

ఇప్పుడు కొంచెం మెలిక ఉన్న ఉదాహరణ. అవంతి ఫీడ్స్. రొయ్యల మేత అమ్మే మన తెలుగు కంపెనీ, థాయ్‌లాండ్‌కి చెందిన థాయ్ యూనియన్‌కు ఇందులో చెప్పుకోదగ్గ వాటా ఉంది. ఆదాయం చూస్తే ఎక్కువ భాగం మేత నుంచి, అంటే మన రైతుల నుంచి, రూపాయల్లో. పైపైన చూస్తే "అమెరికా సుంకాలతో దీనికేం పని?" అనిపిస్తుంది. కానీ గీతను ఇంకొంచెం వెనక్కి లాగండి. రైతు మేత ఎప్పుడు కొంటాడు? చెరువులో పిల్ల వేస్తే. పిల్ల ఎప్పుడు వేస్తాడు? కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి) మంచి రేటు పలుకుతుందని నమ్మితే. ఆ రేటు ఎవరు నిర్ణయిస్తారు? ఎగుమతిదారు. ఆ ఎగుమతిదారుకి అతిపెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో భారత్ సరుకు మీద అమెరికా మొత్తం సుంకం 50 శాతానికి చేరినప్పుడు, రొయ్యల మీద పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు (మరీ చవగ్గా అమ్ముతున్నారని, ప్రభుత్వ రాయితీ అందుతోందని వేసేవి) దానికి అదనం. అప్పుడు గోదావరి జిల్లాల చెరువుగట్ల మీద జరిగిన చర్చే మేత కంపెనీ తర్వాతి త్రైమాసికం. కాబట్టి డబ్బు ఎవరు ఇస్తున్నారో రాసి ఆగిపోవద్దు, వాళ్లకి ఎవరు ఇస్తున్నారో కూడా రాయండి. రెండో మలుపు దాకా వెళ్తే చాలు, మూడో మలుపు దాటాక అది ఊహాగానమే.

అమెరికా కంపెనీలకైతే పని ఇంకా సులువు. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వెబ్‌సైట్‌లో ఎడ్గార్ అనే ఉచిత భాండాగారం ఉంది. కంపెనీ పేరు కొట్టి టెన్-కె అనే వార్షిక నివేదిక తెరవండి. రెండు వందల పేజీలు చూసి బెంబేలెత్తొద్దు, మొత్తం చదవక్కర్లేదు. రిస్క్ ఫ్యాక్టర్స్ అనే భాగం, భౌగోళిక అమ్మకాల పట్టిక చూడండి చాలు. యాపిల్ 2024 ఆర్థిక సంవత్సరం తీసుకుంటే మొత్తం అమ్మకాలు దాదాపు 391 బిలియన్ డాలర్లు, అందులో ఐఫోన్ ఒక్కటే సగానికి పైగా, గ్రేటర్ చైనా వాటా 17 శాతం. అంటే చైనాతో అమెరికాకి చెడితే యాపిల్‌కి దెబ్బ రెండు వైపులా: అమ్మేదీ అక్కడే, తయారీలో పెద్ద భాగమూ అక్కడే. ఫోన్లు మన దేశంలో బిగించడం ఎందుకు పెంచుతోందో ఈ ఒక్క గీత చెబుతుంది.

3. మాతృసంస్థతో సంబంధం ఎలా ఉందో చూడండి

మొదటి రకం కంపెనీలు, అంటే ఇక్కడ లిస్టయిన విదేశీ శాఖలు కొనేవాళ్లకి ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది. ఇలాంటి కంపెనీలో చిన్న వాటాదారు పరిస్థితి ఇల్లరికపు అల్లుడి లాంటిది. భోజనానికి లోటుండదు, పెత్తనం మాత్రం అడక్కూడదు.

ఆ పెత్తనం మొదట కనిపించేది రాయల్టీలో. బ్రాండు పేరు, టెక్నాలజీ వాడుకున్నందుకు ఇక్కడి కంపెనీ అమ్మకాల మీద ఇంత శాతం అని మాతృసంస్థకు కడుతుంది. లాభం వచ్చినా రాకపోయినా కట్టాలి, ఎందుకంటే అది అమ్మకాల మీద లెక్క. హిందుస్థాన్ యూనిలీవర్ 2023 జనవరిలో ఈ చెల్లింపుని 2.65 శాతం నుంచి విడతలవారీగా 3.45 శాతానికి పెంచుతున్నట్టు చెప్పింది. 2024లో నెస్లే ఇండియా 4.5 శాతాన్ని ఐదేళ్లలో 5.25కి తీసుకెళ్తామంది.

ముప్పావు శాతమే కదా అనుకోకండి, ఒకసారి లెక్కేద్దాం. నెస్లే ఇండియా 100 రూపాయల సరుకు అమ్మితే చివరికి లాభం సుమారు 16 రూపాయలు. రాయల్టీ 75 పైసలు పెరిగితే, పన్ను ఆదా పోగా లాభం 56 పైసలు తగ్గుతుంది, అంటే లాభంలో మూడున్నర శాతం. ఈ 56 పైసల్లో మాతృసంస్థ వాటా దాదాపు 63 శాతం కాబట్టి వాళ్లు వదులుకునేది 35 పైసలు, చేతికొచ్చేది 75 పైసలు. మిగతా వాటాదారులు వదులుకునేది 21 పైసలు, చేతికొచ్చేది సున్నా. అందుకే ఆ ఏడాది మేలో మిగతా వాటాదారుల ఓటింగ్ పెడితే పడిన ఓట్లలో సగానికి పైగా వ్యతిరేకంగా వచ్చి తీర్మానం వీగిపోయింది, పాత 4.5 శాతమే కొనసాగింది. మీకూ ఇలాంటి ఓటు హక్కు ఉంటుంది. ఈ-ఓటింగ్ లింకు మెయిల్‌కి వస్తే స్పామ్ అనుకుని తీసెయ్యకండి.

మీరు చేయాల్సింది: వార్షిక నివేదిక పీడీఎఫ్ తెరిచి సెర్చ్‌లో రాయల్టీ అని కొట్టండి, రిలేటెడ్ పార్టీ (మాతృసంస్థ లాంటి సంబంధీకుల) లావాదేవీల పట్టిక వస్తుంది. ఐదేళ్ల నివేదికల్లో ఆ అంకెని అమ్మకాలతో భాగించి చూడండి. ఏటా పెరుగుతూ పోతుంటే దానికి తగ్గ కొత్త ప్రొడక్టులు వస్తున్నాయా అని అడగండి. మాతృసంస్థకు ఇక్కడే లిస్టవని ఇంకో కంపెనీ ఏమైనా ఉందా అని కూడా చూడండి. ఉంటే మంచి ప్రొడక్టులు దేని చేతికి వెళ్తున్నాయన్నది మీకు తెలియాలి.

తర్వాత, మాతృసంస్థ అమ్ముతోందా కొంటోందా? 2024 అక్టోబర్‌లో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల ఐపీవో (జనానికి తొలిసారి షేర్ల అమ్మకం) తెచ్చింది. అదంతా ఆఫర్ ఫర్ సేల్, అంటే జనం పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా ఇక్కడి ఫ్యాక్టరీకి రాలేదు, కొరియా మాతృసంస్థకు వెళ్లింది. షేరు 1,960కి ఇచ్చారు, లిస్టింగ్ రోజు దానికి కిందే మొదలైంది. ఏడాది తర్వాత ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ ఇండియా కూడా మొత్తం ఆఫర్ ఫర్ సేలే, 11,607 కోట్లు. అదేమో 1,140కి ఇచ్చిన షేరు దాదాపు 50 శాతం ఎక్కువకి లిస్టయి, ఆ ఒక్కరోజులో కొరియాలోని తల్లి కంపెనీ మొత్తం విలువనే దాటిపోయింది. కూతురు తల్లి కంటే ఖరీదు! ఇది విన్నాక మీకు సంతోషం వెయ్యాలా, భయం వెయ్యాలా అంటే, నాకైతే రెండోదే. తన ఊళ్లో చవగ్గా దొరికే వ్యాపారం మన దగ్గర ఖరీదుగా అమ్ముడవుతున్నప్పుడు తెలివైన మాతృసంస్థ ఏం చేస్తుంది? అమ్ముతుంది. వర్ల్‌పూల్ అదే చేసింది, 2024 ఫిబ్రవరిలో ఇక్కడి శాఖలో 24 శాతం అమ్మేసి అమెరికాలో అప్పులు తీర్చుకుంది.

మాతృసంస్థ దేశమూ ముఖ్యమే. హైదరాబాద్ గ్లాండ్ ఫార్మా సంగతి చూడండి. 2017లో చైనాకి చెందిన ఫోసున్ మెజారిటీ వాటా కొంది, 2020 నవంబర్‌లో 1,500కి ఐపీవో వచ్చింది, 2021లో షేరు 4 వేలు దాటింది, 2023లో వెయ్యి కిందకి జారింది. పడటానికి ప్రధాన కారణం అమ్మకాలు, మార్జిన్లు తగ్గడం. కానీ ఎక్కినన్నాళ్లూ ఎవరికీ గుర్తురాని యజమాని ప్రశ్న, దిగేటప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

4. నాలుగు దెబ్బలు కొట్టి చూడండి

కాగితం మీద బొమ్మ తయారైంది కదా, ఇప్పుడు దాన్ని పరీక్షించండి. కంపెనీ ఒక్కోదానికి నాలుగు లైన్లు రాసుకుంటే చాలు.

రూపాయి 10 శాతం పడితే? ఎగుమతి చేసే కంపెనీకి మేలు. ముడిసరుకు దిగుమతి చేసుకుని ఇక్కడ అమ్మే కంపెనీకి నష్టం. సబ్బుల కంపెనీకి పామాయిల్ బయటి నుంచే రావాలి. మీరు నేరుగా డాలర్ షేరు కొని ఉంటే రూపాయి పడటం మీకు కలిసొస్తుంది. 2015 మొదట్లో డాలర్ 63 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబర్‌లో 90 దాటింది. ఏడాదికి సగటున 3 శాతం పైచిలుకు. ఇది గ్యారంటీ వడ్డీ కాదు, కొన్నేళ్లు రూపాయి కదలకుండా కూర్చుంటుంది కూడా.

సుంకం 25 శాతం పడితే? ఆ కంపెనీ సరుకుకి వేరే దారి ఉందా, రేటు పెంచితే కొనేవాడు ఒప్పుకుంటాడా? 2025లో జెనెరిక్ మందులకు అమెరికా ఆ ప్రతీకార సుంకాల నుంచి మినహాయింపు ఇచ్చింది, రొయ్యలకు ఇవ్వలేదు. మందులు ఆగితే ఆసుపత్రులు ఆగుతాయి, రొయ్యలైతే ఈక్వెడార్‌లోనూ దొరుకుతాయి. సుంకం అంకె కంటే "నువ్వు లేకపోతే వాళ్లకి గడుస్తుందా" అన్నదే అసలు లెక్క.

అమెరికా వడ్డీ రెండు శాతం పెరిగితే? 2022 మార్చిలో సున్నా దగ్గరున్న వడ్డీని అక్కడి సెంట్రల్ బ్యాంకు ఫెడ్ 2023 జులై కల్లా 5.25-5.5 శాతానికి తీసుకెళ్లింది. 2022 ఒక్క ఏడాదిలో నాస్‌డాక్ సూచీ మూడో వంతు పోగొట్టుకుంది, ఫేస్‌బుక్ యజమాని మెటా షేరు 60 శాతానికి పైగా పడింది. అప్పులు ఎక్కువున్న కంపెనీ, లాభాలు ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ ముందు పడతాయి. చేతిలో నగదు కుప్పలున్నవి కూడా పడతాయి గానీ మునగవు.

ఒక దేశం తలుపులు మూస్తే? 2022లో మెక్‌డొనాల్డ్స్ 30 ఏళ్లకు పైగా నడిపిన రష్యా వ్యాపారాన్ని అమ్ముకుని బయటికొచ్చింది. మరుసటేడు డానోన్, కార్ల్స్‌బర్గ్ శాఖలను రష్యా ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. తలుపు మూసేది ప్రతిసారీ యుద్ధమే కానక్కర్లేదు. 2015లో మ్యాగీ మీద నిషేధం పడి, నవంబర్‌లో మళ్లీ షాపుల్లోకి వచ్చేదాకా నెస్లే ఇండియా పడిన పాట్లు చూడండి, దశాబ్దం పైగా నష్టం ఎరగని కంపెనీ ఆ జూన్ త్రైమాసికంలో నష్టం చూపించింది.

ఈ నాలుగింటిలో రెండు ఒకేసారి తగిలితే కంపెనీ కూలబడుతుందనిపిస్తే దాన్ని కొనొద్దు, లేదా చాలా చిన్న మొత్తంతో ఆపండి. అన్నీ తట్టుకునే కంపెనీ కోసం వెతక్కండి, అలాంటిది ఉండదు.

5. ధర

ఇక్కడ లిస్టయిన శాఖలకు ధర ఎప్పుడూ ఎక్కువే. కొన్నేళ్లుగా హిందుస్థాన్ యూనిలీవర్, నెస్లే ఇండియా లాంటివి లాభానికి 50 నుంచి 70 రెట్ల మధ్య తిరుగుతుంటే, వాటి తల్లి కంపెనీలు లండన్, జ్యూరిక్‌లలో 20 రెట్ల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. మన మార్కెట్ వేగంగా పెరుగుతుందని ఆ తేడా. నిజంగా పెరుగుతోందా? గత ఐదేళ్ల అమ్మకాల పెరుగుదల చూడండి, ఏడాదికి ఐదారు శాతమే పెరిగే కంపెనీకి 60 రెట్లు ఇవ్వడం నాకైతే మింగుడు పడదు. మంచి కంపెనీ అన్నంత మాత్రాన ఏ రేటుకైనా కొనొచ్చని కాదు. పదేళ్ల సగటు పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) పక్కన ఇవాళ్టి పీఈ పెట్టి చూసి, అంతకంటే బాగా ఎక్కువ ఉంటే ఆగండి.

6. డాలర్ షేర్లు కొనే దారి

రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. మనలో చాలామందికి ఆ పరిమితి గురించి టెన్షన్ అక్కర్లేదు. విదేశీ షేర్ల సదుపాయం ఉన్న బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి, పాన్, ఆధార్ ఇచ్చి, డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి (దీనివల్ల డివిడెండ్ మీద అమెరికా పన్ను 30కి బదులు 25 శాతం పడుతుంది), బ్యాంకు నుంచి డాలర్లు పంపాలి. అరువు డబ్బుతో మార్జిన్ ట్రేడింగ్‌కి ఈ పథకం ఒప్పుకోదు. పంపిన డబ్బు వాడకుండా 180 రోజులకు మించి ఊరికే ఉంచకూడదు, పెట్టుబడి పెట్టాలి, లేదా వెనక్కి తేవాలి.

అసలు మోసం ఎక్కడంటే మారకం రేటులో. "జీరో బ్రోకరేజ్" అని పెద్దక్షరాల్లో రాస్తారు, బ్యాంకు డాలర్ రేటులో ఒకటి రెండు శాతం కలుపుకున్న సంగతి రాయరు. దానిపైన పంపే చార్జీ, జీఎస్టీ. మీరు 50 వేలు పంపితే ఇవన్నీ కలిపి 1,500 అయ్యాయనుకోండి, షేరు కదలకముందే 3 శాతం పోయినట్టే. అందుకే నెలనెలా ఐదు వేలు పంపే కన్నా ఇక్కడే లిక్విడ్ ఫండ్‌లో పోగేసి ఏడాదికి రెండుసార్లు పంపడం నయం. పంపే ముందు గూగుల్లో కనిపించే రేటుకి, బ్యాంకు ఇచ్చే రేటుకి తేడా చూసి, ఎక్కువనిపిస్తే బ్రాంచి మేనేజర్‌ని అడగండి. పెద్ద మొత్తమైతే చాలాసార్లు తగ్గిస్తారు.

ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను, టాటా కంపెనీ కాదు) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. జీతగాళ్లు ఆఫీసులో ముందే చెప్తే జీతం టీడీఎస్‌లోనే తగ్గించుకోవచ్చు.

ఇదంతా వద్దనుకుంటే విదేశీ షేర్లు కొనే మన మ్యూచువల్ ఫండ్లున్నాయి. వాటికి మొత్తం పరిశ్రమ మీద 7 బిలియన్ డాలర్ల పరిమితి ఉంది, 2022 మొదట్లో అది నిండిపోయి చాలా ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశాయి. మీరు ఎంచుకున్న ఫండ్ ఇప్పుడు తెరిచి ఉందో లేదో చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో "యూఎస్ స్టాక్స్ సర్, నెలకి 10 శాతం" అని వచ్చే లింకుల గురించి వేరే చెప్పాలా? నొక్కొద్దు.

7. పన్ను కాగితాలు

ఇక్కడ లిస్టయిన షేర్లు ఏడాది దాటాక అమ్మితే ఏటా 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. విదేశీ షేర్లకు ఏడాది చాలదు, రెండేళ్లు దాటాలి, అప్పుడు 12.5 శాతం, 1.25 లక్షల మినహాయింపు లేదు. రెండేళ్ల లోపు అమ్మితే మీ స్లాబు ప్రకారం. డివిడెండ్ 100 డాలర్లు వస్తే 25 అక్కడే కట్ అవుతుంది, ఇక్కడ 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లు ఆ 25కి క్రెడిట్ తీసుకుని మిగతాది కట్టాలి. ఆ క్రెడిట్‌కి ఇన్నాళ్లూ ఫారం 67 వేసేవాళ్లం. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఫారం నంబర్లు ఒకసారి సరిచూసుకోండి.

జనం ఎక్కువగా తప్పేది విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏ దగ్గర. ఒక్క విదేశీ షేరున్నా రిటర్నులో ఇది నింపాలి, ఐటీఆర్-1 పనికిరాదు. దీని లెక్క ఏప్రిల్-మార్చి కాదు, జనవరి-డిసెంబర్. 2024-25 ఆర్థిక సంవత్సరం రిటర్నులో 2024 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు ఎప్పుడు మీ దగ్గర ఉన్నవైనా చూపించాలి. 2025 ఫిబ్రవరిలో కొన్నవి ఆ తర్వాతి ఏడాది రిటర్నులోకి వస్తాయి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. 2024 అక్టోబర్ నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేదన్నారు, అలాగని చూపించడం మానొద్దు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మీ పేరున ఉన్న అమెరికా షేర్లు 60,000 డాలర్లు దాటాక మీకేమైనా అయితే, అక్కడి ఎస్టేట్ ట్యాక్స్ (చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను) 40 శాతం దాకా పడొచ్చు. మన దేశానికి అమెరికాతో ఆ పన్ను మీద ఒప్పందం లేదు. మొత్తం ఆ స్థాయికి చేరుతున్నవాళ్లు ఐర్లాండ్‌లో నమోదైన ఈటీఎఫ్‌ల (షేర్లలా కొనే ఫండ్ల) గురించి సీఏతో మాట్లాడండి. ఇంట్లో ఖాతా వివరాలు కనీసం ఒకరికి తెలిసుండాలి.

8. ఎంత, ఎప్పుడు

హైటెక్ సిటీ, గచ్చిబౌలిలో పనిచేసేవాళ్లకి ముందుగా ఒక మాట. కంపెనీ ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా విడతలవారీగా వచ్చే కంపెనీ షేర్లు) ఇస్తుంటే మీరు ఇప్పటికే మల్టీనేషనల్ ఇన్వెస్టర్లు. జీతం అదే కంపెనీ నుంచి, షేర్లు అవే, ఇంటి లోను ఈఎంఐ ఆ జీతం మీదే. లేఆఫ్ వచ్చే ఏడాదే షేరు కూడా పడుతుంది, 2022లో టెక్ కంపెనీల్లో జరిగింది అదే. వెస్ట్ అయిన రోజు, అంటే షేర్లు మీ చేతికొచ్చిన రోజు, విలువను జీతంగా లెక్కేసి పన్ను కట్టేశారు కాబట్టి ఆ రోజే అమ్మితే అదనంగా పెద్ద పన్ను ఏమీ పడదు. "ఇవాళ ఇదే మొత్తం నగదుగా చేతికిస్తే నేను ఈ షేరే కొంటానా?" అని అడిగి, కొననంటే అమ్మేసి వేరేచోట పెట్టండి.

మిగతావాళ్లకి: ఆరు నెలల ఖర్చు బ్యాంకులో, ఇన్సూరెన్స్ చేతిలో ఉన్నాకే మొదలుపెట్టండి. ఈక్విటీలో పెట్టే డబ్బులో విదేశీ భాగం 10 నుంచి 20 శాతం చాలు. పిల్లల్ని అమెరికాలో చదివించాలనుకుంటే ఇంకొంచెం పెంచొచ్చు, ఆ ఖర్చు ఎలాగూ డాలర్లలోనే వస్తుంది కాబట్టి. ఒక్క కంపెనీలో ఆ భాగంలో పదో వంతు మించి వద్దు. మొత్తం ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతల్లో కొనండి. సుంకాల వార్త వచ్చిన రోజు రాత్రి ఏడున్నరకి కూర్చుని ఆర్డర్లు పెట్టొద్దు, ఆ గంటలో ధరలు పిచ్చిపిచ్చిగా ఊగుతాయి.

అమ్మడానికి షేరు పడటం ఒక్కటే కారణం కాకూడదు. మీ కాగితం తీయండి. ఎడమ పక్క లావు గీత సన్నబడిందా, రాయల్టీ పెరుగుతోందా, మాతృసంస్థ వాటా అమ్ముతోందా? వీటిలో ఏదైనా మారితే అమ్మకం గురించి ఆలోచించండి. ఏదీ మారకపోతే పడిన ధర మీకు కొనుగోలు అవకాశం. ఈ కాగితాన్ని ఏడాదికి ఒకసారి, వార్షిక నివేదిక వచ్చినప్పుడు సరిచూస్తే సరిపోతుంది.

అమెరికాలో ఉంటూ ఇది చదువుతున్నవాళ్లకి: మీకు దారి తలకిందులు. యాపిల్, మైక్రోసాఫ్ట్ మీకు ఇంటి షేర్లే. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో, అంటే మన ఎంఎన్‌సీ ఫండ్లతో సహా, డబ్బు పెడితే అక్కడి పన్ను శాఖ వాటిని పీఎఫ్‌ఐసీ (విదేశీ పెట్టుబడి సంస్థ) అని లెక్కేస్తుంది. ఫండ్ ఒక్కోదానికి ఫారం 8621, పన్ను కూడా గట్టిగానే. నాన్నగారు ప్రేమతో మీ పేరున మొదలెట్టిన సిప్ ఉంటే ముందు దాని సంగతి చూడండి. మారుతి, డాక్టర్ రెడ్డీస్ లాంటి వ్యాపారం చేసే కంపెనీల షేర్లు నేరుగా కొంటే సాధారణంగా ఆ తలనొప్పి ఉండదు. డాక్టర్ రెడ్డీస్ అయితే 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలోనే ఏడీఆర్ (విదేశీ షేరుకి బదులు అమెరికాలో డాలర్లలో కొనే పత్రం) రూపంలో ఉంది, మీ మామూలు బ్రోకరేజ్ ఖాతాలోనే కొనుక్కోవచ్చు.